స్లాబ్‌లో ఉన్న మామూలు వెండి డాలర్‌కు గిరాకీ ఎంత? కొనే ముందు, అమ్మే ముందు చూసుకోవాల్సినవి

మా చిన్నాయిన కొడుకు డల్లాస్ నుంచి వచ్చినప్పుడు హనుమకొండలో మా ఇంట్లో కూర్చొని ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. పన్నెండు అమెరికా వెండి డాలర్లు, అన్నీ గట్టి ప్లాస్టిక్ పెట్టెల్లో సీల్ చేసి ఉన్నాయి (ఈ పెట్టెనే స్లాబ్ అంటారు), పైన గ్రేడ్, అంటే నాణెం ఎంత బాగుందో చెప్పే అంకె, రాసిన చీటీ, దాని పక్కన బార్‌కోడ్. "అన్నా, అన్నీ వందేళ్లు దాటినవే, గ్రేడింగ్ కూడా అయినవి, ఇక్కడికి తెచ్చి అమ్మితే ఎంతొస్తది?" అని అడిగాడు. పన్నెండింటిలో తొమ్మిది 1921వి. మిగతా మూడు ఒకటి 1881-ఎస్, ఒకటి 1883-సీసీ (ఏడాది పక్కన అక్షరం కొట్టిన టంకశాల గుర్తు), ఒకటి 1922 పీస్ డాలర్. ఆ రోజు రాత్రి ఇద్దరం కూర్చొని ఒక్కొక్కదాన్ని లెక్కేశాం. ఆ లెక్క ఎలా వేశామో ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే కరీంనగర్, జగిత్యాల, వరంగల్ వైపు అమెరికాలో మనిషి లేని ఇల్లు తక్కువ, ఇలాంటి పెట్టెలు ఇప్పుడు చాలా ఇళ్లలో కనిపిస్తున్నాయి. కొంతమందైతే ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో రెండింతలు, మూడింతలు పెట్టి కొంటున్నారు. నేను కూడా మొదటి మోర్గాన్ (ఈ పాత వెండి డాలర్లలో ఒక రకం) అలాగే కొన్నాను. 1921 నాటిది, ఎంఎస్ 63 గ్రేడ్‌ది. "శతాబ్దం నాటి అరుదైన నాణెం" అని రాసి ఉంటే నమ్మి, అందులో ఉన్న వెండి విలువకు మూడు రెట్లు పెట్టాను. ఆ తేడా ఇప్పటికీ తిరిగి రాలేదు.

ముందు ఒక మాట. పాతది కావడం వేరు, అరుదు కావడం వేరు, గిరాకీ ఉండడం వేరు. ఈ మూడింటినీ ఒకటిగా చూసినంత కాలం డబ్బు పోతూనే ఉంటుంది.

మీ చేతిలో ఉన్నది ఏ డాలరో చూసుకోండి

"సిల్వర్ డాలర్" అని అందరూ ఒకే పేరుతో పిలుస్తారు కానీ అందులో నాలుగైదు రకాలున్నాయి. 1878 నుంచి 1904 వరకు, మళ్లీ 1921లో కొట్టింది మోర్గాన్ డాలర్. చెక్కిన కళాకారుడు జార్జ్ మోర్గాన్ కాబట్టి ఆ పేరు. ఒకవైపు స్త్రీ ముఖం, రెండో వైపు రెక్కలు విప్పిన గద్ద. 1921 చివర్లో మొదలై 1928 వరకు, ఆ తర్వాత 1934, 1935లో వచ్చింది పీస్ డాలర్. ఈ రెండూ ఒకే తూకం, ఒకే కొలత: 26.73 గ్రాములు, 38.1 మిల్లీమీటర్ల అడ్డం, 90 శాతం వెండి, మిగతాది రాగి. మన పాత లెక్కలో చెప్పాలంటే బ్రిటిష్ వాళ్ల కల్దారు రూపాయి ఒక తులం, అంటే 11.66 గ్రాములు. ఈ డాలర్ అలాంటి రూపాయలు రెండుంబావు కంటే కొంచెం ఎక్కువ బరువు.

1971 నుంచి 1978 వరకు వచ్చిన ఐసెన్‌హోవర్ డాలర్ చూడడానికి ఇంతే పెద్దది, కానీ మామూలుగా చెలామణీలో తిరిగినదాంట్లో వెండి అసలు లేదు, రాగి, నికెల్ మాత్రమే. కలెక్టర్ల కోసం శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టిన వాటిలో కొన్నింట్లో మాత్రం 40 శాతం వెండి ఉంది. వెండి అనుకొని దాచుకున్న ఈ డాలర్లు చాలా ఇళ్లలో చూశాను, చెప్పడానికి మనసొప్పదు కానీ చెప్పక తప్పదు. ఇక 1986 నుంచి వస్తున్న సిల్వర్ ఈగిల్ ఒక ఔన్సు, అంటే 31.1 గ్రాముల, 99.9 శాతం వెండి. దాని మీద ఎంఎస్ 69, ఎంఎస్ 70 అని చీటీ ఉంటే చాలామంది మురిసిపోతారు. కొత్త మెషీన్లలో కొట్టి, చెయ్యి తగలకుండా బయటికి వచ్చిన నాణేలు కాబట్టి 69, 70 గ్రేడ్లు లక్షల్లో ఉన్నాయి. 2021లో మోర్గాన్, పీస్ డాలర్లను అమెరికా టంకశాల మళ్లీ తెచ్చింది, అవి కూడా 99.9 శాతం వెండే, వాటి లెక్క ఈగిల్ లెక్కకు దగ్గర. ఇక్కడ నేను ఎక్కువగా చెప్పబోయేది పాత మోర్గాన్, పాత పీస్ గురించి.

ఎందుకు ఇన్ని మిగిలాయి

ఇది తెలిస్తే సగం పని అయినట్టే. 1878లో అమెరికా పార్లమెంటు బ్లాండ్-ఆలిసన్ చట్టం చేసింది. ప్రభుత్వం ప్రతి నెలా 20 లక్షల నుంచి 40 లక్షల డాలర్ల విలువైన వెండి కొని డాలర్లు కొట్టాలి, జనానికి అవసరం ఉన్నా లేకున్నా. గనుల యజమానుల వెండికి కొనేవాడు కావాలి కాబట్టి వచ్చిన చట్టం అది. తూర్పు రాష్ట్రాల జనం ఈ బరువైన బిళ్లలు మోయడానికి ఇష్టపడలేదు, కాగితం నోట్లే వాడుకున్నారు. దాంతో కొట్టినవి కొట్టినట్టు వెయ్యేసి చొప్పున సంచుల్లో కట్టి ఖజానాల్లో పడేశారు. అందుకే 140 ఏళ్ల నాటి నాణెం నిన్న కొట్టినట్టు మెరుస్తూ దొరుకుతుంది, అదీ లక్షల సంఖ్యలో. మన దగ్గర పాత నాణెం అంటే అరిగిపోయి, రంధ్రం పడి, ఏ అవ్వ మెడలో దండలోంచో తీసినదై ఉంటుంది, కాబట్టి మెరిసే పాత నాణెం చూడగానే అరుదైనది అనిపించడం సహజం. అమెరికా డాలర్ విషయంలో ఆ లెక్క పనికిరాదు.

1921 కథ మనకు ఇంకా దగ్గరిది. మొదటి ప్రపంచ యుద్ధం సమయంలో ఇండియాలో నోట్లు ఇచ్చి వెండి రూపాయలు ఇవ్వమని జనం ఖజానాల ముందు నిలబడ్డారు, బ్రిటిష్ ప్రభుత్వం దగ్గర అంత వెండి లేదు. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి తన ఖజానాలోని వెండి డాలర్లను 27 కోట్లకు పైగా కరిగించింది, అందులో చాలా భాగం వెండిని ఔన్సు ఒక డాలర్ చొప్పున బ్రిటన్‌కు అమ్మింది, అది ఇండియా టంకశాలలకు చేరింది. అంటే మీ ఇంట్లో 1918, 1919 నాటి జార్జి బొమ్మ రూపాయి ఉంటే అందులో ఏదో ఒక మోర్గాన్ డాలర్ వెండి కలిసి ఉండవచ్చు. నాణేల పిచ్చి ఉన్నవాడికి ఇంతకంటే మంచి సంగతి ఏముంటుంది! కరిగించినన్ని డాలర్లు మళ్లీ కొట్టాలని అదే చట్టంలో ఉంది. అందుకే 1921లో మోర్గాన్‌లు ఫిలడెల్ఫియాలో 4,46,90,000, శాన్‌ఫ్రాన్సిస్కోలో 2,16,95,000, డెన్వర్‌లో 2,03,45,000 కొట్టారు. మూడూ కలిపితే 8 కోట్ల 67 లక్షలు. 1922 పీస్ డాలర్ ఫిలడెల్ఫియాలోనే 5 కోట్లు దాటింది. మా తమ్ముడి పన్నెండింటిలో తొమ్మిది 1921వి ఎందుకయ్యాయో ఇప్పుడు అర్థమవుతుంది.

గ్రేడ్ చీటీని చదవడం

నాణేనికి 1 నుంచి 70 వరకు మార్కులిచ్చే పద్ధతి 1949లో విలియం షెల్డన్ అనే ఆయన పెట్టింది, మొదట పాత రాగి సెంట్ల కోసం. ఎంఎస్ అంటే చెలామణీలో తిరగనిది, 60 నుంచి 70 దాకా. ఏయూ 58 అంటే పై భాగాల్లో కొంచెమే రాపిడి ఉన్నది. పెట్టెలో వేసి సీల్ చేసే కంపెనీలు చాలా ఉన్నాయి కానీ బజారులో అడిగేది ముఖ్యంగా రెండింటినే, 1986లో మొదలైన పీసీజీఎస్, 1987లో మొదలైన ఎన్‌జీసీ. ఎవరికీ తెలియని కంపెనీ పెట్టెలో ఎంఎస్ 67 అని ఉన్నా కొనేవాడు దాన్ని విడి నాణెంగానే చూస్తాడు, తన కళ్లతో గ్రేడ్ వేసుకొని ధర చెప్తాడు. 2007 నుంచి సీఏసీ అనే సంస్థ, మంచి నాణేలున్న పెట్టెల మీద ఆకుపచ్చ స్టిక్కర్ వేస్తోంది. ఆ స్టిక్కర్ ఉంటే అదే గ్రేడ్‌లో కూడా కొంచెం ఎక్కువ పలుకుతుంది, ముఖ్యంగా 65 పైన.

వెయ్యి నాణేల సంచి అంటే 26 కిలోలకు పైగా బరువు. ఆ సంచులు విసిరినప్పుడల్లా, లాగినప్పుడల్లా నాణేలు ఒకదానికొకటి తగిలి గాట్లు పడ్డాయి. మోర్గాన్‌లో స్త్రీ చెంప నున్నగా, ఖాళీగా ఉంటుంది కాబట్టి గాట్లు అక్కడే కొట్టొచ్చినట్టు కనపడతాయి. నాణెం చేతికి రాగానే ముందు చెంప చూడండి. ఆ తర్వాత చెవి పైన జుట్టు, గద్ద రొమ్ము మీద ఈకలు స్పష్టంగా అచ్చయ్యాయా చూడండి. న్యూ ఆర్లీన్స్‌లో కొట్టిన వాటిలో ఈ భాగాలు చాలాసార్లు మసకగా ఉంటాయి, శాన్‌ఫ్రాన్సిస్కోలో 1879 నుంచి 1882 వరకు కొట్టినవి గీతగీతా తేలి అద్దంలా ఉంటాయి. అందుకే ఒకే 64 గ్రేడ్‌లో ఉన్న రెండు నాణేల్లో ఒకదాన్ని కళ్లకద్దుకొని కొంటారు, ఇంకోదాన్ని పక్కన పెడతారు. పెట్టె మీద అంకె ఒకటే అయినంత మాత్రాన లోపల నాణేలు ఒకటి కావు.

టంకశాల గుర్తు ఎక్కడుంటుందో తెలియక చాలామంది పొరపడతారు. మోర్గాన్‌కు వెనకవైపు దండ ముడి కింద, డాలర్ అనే మాటలో డి, ఓ అక్షరాల పైన చిన్న అక్షరం ఉంటుంది: ఎస్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో, ఓ అంటే న్యూ ఆర్లీన్స్, సీసీ అంటే కార్సన్ సిటీ, డి అంటే డెన్వర్. ఏమీ లేకపోతే ఫిలడెల్ఫియా.

ధరలో వెండి ఎంత, మిగతాది ఎంత

ఇది మొదటి లెక్క, ఎవరైనా చేసుకోవచ్చు. ఒక డాలర్‌లో స్వచ్ఛమైన వెండి 24.06 గ్రాములు. కిలో వెండి లక్ష రూపాయలు అనుకుంటే గ్రాము 100, కాబట్టి నాణెంలోని వెండి 2,406 రూపాయలు. కిలో రేటు పెరిగినా తగ్గినా ఇదే లెక్కతో కొత్త అంకె వస్తుంది. అమెరికాలో అయితే ఔన్సు రేటును 0.7734తో గుణిస్తే సరిపోతుంది. ఇప్పుడు అమ్మేవాడు చెప్పిన ధరలోంచి ఈ వెండి విలువ తీసేయండి. మిగిలేదే నాణేనికి, గ్రేడ్‌కు, ప్లాస్టిక్‌కు మీరు కడుతున్నది. ఆ మిగిలేదాన్ని మళ్లీ ఎవరైనా కడతారా అన్నదే అసలు ప్రశ్న.

1921, 1922 లాంటి మామూలు నాణేలు 62, 63 గ్రేడ్‌లలో ఉంటే ఆ మిగిలే భాగం చాలా పలచన. వెండి రేటు ఎగిరినప్పుడు ఇంకా పలచనవుతుంది, ఇది చాలామందికి అర్థం కాదు. వెండి పెరిగితే నాణెం ధర కూడా అదే నిష్పత్తిలో పెరగాలి కదా అనుకుంటారు. కానీ అప్పుడు అందరూ అమ్మడానికే వస్తారు, అమెరికాలో నాణేల షాపుల వాళ్ల దగ్గర ట్రేలు నిండిపోతాయి, కొత్తగా కొనే కలెక్టర్ "ఇంత రేటా, తర్వాత చూద్దాం" అని ఆగుతాడు. దాంతో 62, 63, ఒక్కోసారి 64 కూడా వెండి ధరకు అతుక్కుపోతాయి. వెండి ఔన్సు 50 డాలర్ల దగ్గరికి 1980లో ఒకసారి, 2011లో ఇంకోసారి వచ్చింది, 2025లో దాన్ని దాటేసింది. 1980లో మామూలు డాలర్లు ఎన్నో మూసల్లోకి పోయాయి. వెండి దిగినప్పుడు మాత్రం నాణెం వెండి అంత వేగంగా దిగదు, కలెక్టర్లు అడ్డు నిలుస్తారు.

65 దాటితే లెక్క మారుతుంది. 1881-ఎస్ లాంటి నాణెం 63కూ 64కూ తేడా కొంచెమే, 66 నుంచి 67కు వెళ్లేసరికి ధర ఒక్కసారి ఎగురుతుంది. కానీ జాగ్రత్త, ఈ ఎగిరే ధరలు దిగడం కూడా తెలిసినవే. 1989లో పెట్టుబడి కంపెనీలు స్లాబ్ నాణేలను షేర్లలా కొన్నప్పుడు మామూలు తేదీల ఎంఎస్ 65 మోర్గాన్‌లు ఆకాశాన్నంటాయి, ఆ పెట్టుబడి డబ్బు ఆగిపోగానే కూలిపోయాయి. అప్పుడు కొన్నవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి ఆ ధర చూడలేదు.

నిజంగా ఎవరు కొంటారు

గిరాకీ అంటే ఎంతమంది, ఎన్నిసార్లు కొంటారన్నది. టైప్ సెట్, అంటే రకానికి ఒక్కో నాణెం చొప్పున, కట్టేవాడికి ఒక మోర్గాన్, ఒక పీస్ చాలు. తేదీలు, టంకశాలలు అన్నీ పూర్తి చేసేవాడికి వంద దాకా నాణేలు కావాలి, కానీ అతడు 1921ని మొదటి వారమే కొనేసి ఉంటాడు. అతడికి కావాల్సింది 1893-ఎస్, 1889-సీసీ లాంటివి. 1893-ఎస్ కొట్టింది లక్ష మాత్రమే. మరి మామూలు నాణేన్ని రోజూ కొనేది ఎవరు? కొత్తగా మొదలుపెట్టినవాళ్లు, బహుమతి ఇచ్చేవాళ్లు, వెండి కూడబెట్టేవాళ్లు. ఇంద్రధనుస్సు రంగులు పట్టిన నాణేలనే వెతికేవాళ్లు కొందరున్నారు, మామూలు తేదీ అయినా మంచి రంగు పడితే వాళ్లు గ్రేడ్‌కు మించి పెడతారు. అచ్చులోని చిన్న చిన్న తేడాలను వీఏఎం అనే జాబితా అంకెలతో పట్టుకొని సేకరించేవాళ్లు ఇంకొందరు. ఈ గుంపుల్లో మీ నాణెం ఎవరికి కావాలో చెప్పలేకపోతే అది వెండి ధరకే పోతుందని అనుకోండి.

అరుదు కాకపోయినా గిరాకీ ఉంటుంది అనడానికి కార్సన్ సిటీ నాణేలే సాక్ష్యం. 1882, 1883, 1884 సీసీ డాలర్లు ఖజానాలో లక్షల్లో మిగిలిపోతే 1972 నుంచి 1980 వరకు ప్రభుత్వమే జీఎస్ఏ (ప్రభుత్వ ఆస్తులు చూసే సంస్థ) పేరుతో నల్ల పెట్టెల్లో పెట్టి జనానికి అమ్మింది. అంటే మెరిసే సీసీలు కుప్పలుగా ఉన్నాయి. అయినా ఆ రెండు సీ అక్షరాల కోసం, పశ్చిమ అమెరికా గనుల ఊరి కథ కోసం, ఇప్పటికీ జనం మామూలు డాలర్ కంటే బాగా ఎక్కువ పెట్టి కొంటూనే ఉన్నారు. దానికి ఎదురు ఉదాహరణ 1903-ఓ. అది ఎంతో అరుదని పేరుండేది. 1962 చివర్లో ఖజానా వాళ్లు సంచులు బయటికి తీసేసరికి అందులో అవే కుప్పగా వచ్చాయి, ధర పాతాళానికి పోయింది. ఇంకో సంగతి. 1901 ఫిలడెల్ఫియా, 1884-ఎస్ లాంటివి అరిగినవి సులువుగా దొరుకుతాయి, మెరిసేవి మాత్రం చాలా చాలా అరుదు. కాబట్టి తేదీ, గ్రేడ్ రెండూ కలిపి చూడకుండా ఒక్క తేదీ చూసి మామూలుదని గానీ అరుదని గానీ అనకండి.

అమ్ముడైన ధర చూడండి, అడిగే ధర కాదు

వెబ్‌సైట్‌లో ఎవడో లక్ష రూపాయలు అడుగుతున్నాడని మీ నాణెం లక్ష కాదు. ఈబేలో "సోల్డ్ ఐటమ్స్" అని టిక్ పెడితే నిజంగా అమ్ముడైనవి మాత్రమే వస్తాయి. హెరిటేజ్, గ్రేట్ కలెక్షన్స్ వేలం సంస్థల పాత ఫలితాలు కూడా చూడొచ్చు. అదే తేదీ, అదే టంకశాల, అదే గ్రేడ్, అదే కంపెనీ పెట్టె ఉన్న పది అమ్మకాలు రాసుకోండి, అన్నిటికంటే ఎక్కువది, తక్కువది కొట్టేసి మిగతా ఎనిమిది చూడండి. ఆ పది అమ్మకాలు పది రోజుల్లో జరిగాయా, ఏడాదిలో జరిగాయా అన్నది కూడా రాసుకోండి, గిరాకీ ఉన్నదీ లేనిదీ అక్కడే తెలుస్తుంది. షాపుల వాళ్లు తమలో తాము చూసుకునే టోకు ధరల పట్టిక గ్రేషీట్, 1963 నుంచి వస్తోంది. మీరు అమ్మేటప్పుడు వినపడే ధర దాని చుట్టూ తిరుగుతుంది, తరచు దానికి కొంచెం కింద. పీసీజీఎస్ సైట్‌లో కనపడే ధరలు కొనేవాడు కట్టే వైపువి అనుకోవాలి.

ఎన్ని నాణేలకు ఏ గ్రేడ్ వచ్చిందో చెప్పే పాపులేషన్ రిపోర్టు కూడా ఉచితంగా చూడొచ్చు. అందులో ఒక మెలిక ఉంది. మంచి గ్రేడ్ వస్తుందేమోనని ఒకే నాణేన్ని పెట్టె పగలగొట్టి మళ్లీ మళ్లీ పంపేవాళ్లు ఉంటారు, పాత చీటీ వెనక్కి ఇవ్వకపోతే ఒకే నాణెం రెండు, మూడుసార్లు లెక్కలోకి వస్తుంది. అలాగే మామూలు నాణేలను చాలామంది గ్రేడింగ్‌కే పంపరు కాబట్టి బయట ఉన్నవి రిపోర్టులో ఉన్నవాటికంటే చాలా ఎక్కువ.

ఇంట్లో విడిగా ఉన్న 1921ని గ్రేడింగ్‌కు పంపాలా అని అడిగితే నా జవాబు వద్దు అనే. ఫీజు, పోస్టు, ఇన్సూరెన్స్, సభ్యత్వం కలిపితే ఒక్క నాణేనికి 40 డాలర్లు దాటడం మామూలే. 63 వచ్చిందంటే ఆ ఖర్చు ప్లాస్టిక్‌లోనే ఉండిపోతుంది. ఇప్పటికే స్లాబ్‌లో ఉన్నదాన్ని విడి నాణెం ధరకు దగ్గరగా కొనగలిగితే మాత్రం కొనండి, వేరేవాళ్లు కట్టిన ఫీజు మీకు కలిసొచ్చినట్టే.

నకిలీల గురించి నాకు చాలా టెన్షన్. మోర్గాన్ నకిలీలు విపరీతంగా ఉన్నాయి, ఇప్పుడు నకిలీ పెట్టెలు కూడా వచ్చాయి. విడి నాణేన్ని తూకం వేస్తే, కొలిస్తే, అయస్కాంతం పెడితే చాలావరకు పట్టుబడుతుంది. పెట్టెలో ఉన్నదాన్ని తూచలేం. చీటీ మీద నంబర్‌ను కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి, కానీ నంబర్ దొరికిందని ఆగిపోవద్దు, ఎందుకంటే నకిలీ చేసేవాళ్లు నిజమైన నంబర్లనే కాపీ కొడతారు. సైట్‌లో ఫొటో ఉంటే చెంప మీద గాట్లు, మరకలు ఒక్కొక్కటీ పోల్చండి. సైట్‌లో ఫొటో లేని నాణేన్ని తెలియని మనిషి దగ్గర కొనకపోవడమే నయం. వెండి విలువ కంటే తక్కువకు స్లాబ్ నాణెం ఇస్తానంటే ఆ మాటే చాలు, పక్కకు జరగండి.

మన దగ్గర అమ్మాలంటే

వరంగల్ చౌరస్తా దగ్గర వెండి షాపుకు తీసుకెళ్తే వాళ్లు పెట్టె తీసి తూకం వేస్తారు, గీటురాయి మీద రుద్దుతారు, 90 శాతం లెక్కన తరుగు తీసి డబ్బిస్తారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్లు కొనేది వెండి. కానీ 66 గ్రేడ్ నాణేన్ని గీటురాయి మీద పెడితే అక్కడితో దాని కథ అయిపోయినట్టే. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి పెట్టండి. పండగకు వెండి సామాన్లు చింతపండుతో, పీతాంబరితో తోమేటప్పుడు ఈ బిళ్లను కూడా తోమితే గ్రేడింగ్ కంపెనీ దానికి అంకె ఇవ్వదు, "క్లీన్డ్" అని రాసి పంపుతుంది, విలువ సగానికి పడిపోవడం మామూలే.

హైదరాబాద్‌లో నాణేల ప్రదర్శనలకు వెళ్తే అక్కడ జనం వంగి వంగి చూసేది చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం కాలపు హాలీ సిక్కా రూపాయల్ని, కల్దారు రూపాయల్ని. హాలీ సిక్కా 11.178 గ్రాములు, 81.8 శాతం వెండి, డాలర్ ముందు చిన్నదే, అయినా మన తాతలు చేత పట్టుకున్నది కాబట్టి ఇక్కడ దానికి మనుషులున్నారు. మోర్గాన్ కోసం అడిగేవాళ్లు ఉంటారు కానీ ఒక్కొక్కరికి ఒక్కటి చాలు, అదీ పెట్టె లేకపోయినా ఫర్వాలేదంటారు. పదో ఇరవయ్యో 1921లు ఇక్కడ గ్రేడ్ ధరకు అమ్ముదామంటే నేనైతే ఆ దారి చెప్పను.

ఇంకా ముఖ్యమైంది, ఇక్కడికి తెచ్చాక వెనక్కి పంపడం. 1972 నాటి పురాతన వస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురాతన వస్తువు కిందికి వస్తుంది, మామూలు మనిషి దాన్ని దేశం దాటించకూడదు. కాబట్టి పోస్టులో వేసి అమెరికా వేలానికి పంపిద్దాంలే అనుకొని తేవద్దు. తెచ్చేటప్పుడు కూడా ఆభరణం కాని వెండి కాబట్టి శంషాబాద్‌లో దిగగానే రెడ్ చానల్‌లో చెప్పి సుంకం కట్టాలి. సుంకం కలిపితే మామూలు డాలర్‌లో మిగిలే ఆ పలచని లాభం కూడా ఉండదు. గిరాకీ ఉన్న చోటే అమ్మాలి, మోర్గాన్‌కు గిరాకీ అమెరికాలో ఉంది.

మా తమ్ముడు నాణేలు డల్లాస్‌లోనే పెట్టి వచ్చాడు, అది మంచిదైంది. తొమ్మిది 1921లను ఒక్కొక్కటి ఈబేలో పెడితే ఫీజు పది శాతం పైనే పోతుంది, పోస్టు ఖర్చు వేరే, కాబట్టి వాటిని ఒకే కట్టగా ఊళ్లో నాణేల షాపులో ఇచ్చేయమన్నాను. ఒక్క షాపులో కాదు, ముగ్గురిని అడిగి, ఆ రోజు వెండి రేటు మీద ఎంతిస్తారో ముందే చెప్పించుకొని. మూడు షాపుల్లో మూడు ధరలు చెప్పారు, ఎక్కువకూ తక్కువకూ తేడా ఒక్కో నాణేనికి ఆరు డాలర్లు. 1881-ఎస్ 66 గ్రేడ్‌ది, చెంప శుభ్రంగా ఉంది, దాన్ని వేలానికి పంపాడు. 1883-సీసీ అమ్మలేదు, బిడ్డ కోసం దాచాడు. 1922 పీస్ 64 గ్రేడ్‌ది ఇంకా అతని డ్రాయర్‌లోనే ఉంది, వచ్చే వేసవికి వచ్చేటప్పుడు రసీదు పెట్టుకొని, డిక్లేర్ చేసి నాకోసం తెస్తానన్నాడు. నా దగ్గర మోర్గాన్ ఉంది కానీ పీస్ లేదు.